రోజుల లెక్క ఎవరి చేతిలో?

(గ్రామీణ ఆరోగ్య కార్యకర్తల శిక్షణా శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



నిన్న మధ్యాహ్నం మీ అందరికీ తలా ఒక చీటీ ఇచ్చి ఒక ప్రశ్న అడిగాను. "నెలలో ఏ రోజుల్లో కలిస్తే గర్భం వస్తుంది?" అని. పేర్లు రాయొద్దన్నాను. రాత్రి కూర్చుని ఆ చీటీలన్నీ చదివాను. "ముట్టు స్నానం చేసిన వెంటనే" అని కొందరు రాశారు. "నెలసరికి ముందు వారం" అని కొందరు, "ఎప్పుడైనా రావచ్చు" అని ఇంకొందరు. బాగా చదువుకున్నవాళ్ళలో చాలామంది "14వ రోజు" అని రాశారు. ఒకామె మాత్రం, "నాకు తెలీదు. ఆపరేషన్ అయిపోయింది, ఇప్పుడు తెలుసుకుని ఏం లాభం?" అని రాసింది. ఇవాళ నేను మాట్లాడబోయేదంతా ఒక రకంగా ఆ చీటీకి జవాబు.

మిమ్మల్ని అడిగే ముందు నా అజ్ఞానం గురించి చెప్పుకోవాలి. నేను సమాజశాస్త్రంలో డాక్టరేట్ చేశాను. నా సిద్ధాంత గ్రంథంలో "పునరుత్పత్తి" అనే మాట ఎన్ని వందల సార్లు వాడానో లెక్కలేదు. ముప్పై ఒకటో ఏట బిడ్డ కావాలనుకున్నాం. ఏడాదైనా నెల తప్పలేదు. పట్నంలో ఒక డాక్టరు దగ్గరికి వెళ్తే, నాకు నెలసరి ఎన్ని రోజులకొకసారి వస్తుందో అడక్కుండానే చీటీ మీద "14వ రోజు" అని రాసి పంపించింది. నాకు వచ్చేది ముప్పై అయిదు రోజులకి. ఇంకో ఏడాది పాటు ఆ పద్నాలుగో రోజునే శ్రద్ధగా లెక్కపెట్టుకున్నాం. ఈలోగా మా అత్తగారు మూడు గుళ్ళు తిప్పారు, రెండు పసర్లు తాగించారు. నాకు అన్ని పరీక్షలూ అయ్యాయి. మా ఆయనకి పరీక్ష చేయించాలని ఒక్కరికీ తోచలేదు, నాతో సహా. చివరికి మా వీధిలో ఉండే రిటైరైన నర్సమ్మగారు ఒకటే ప్రశ్న వేసింది: "నీకు ఎన్ని రోజులకొస్తుందమ్మా?" చెప్పాను. "మరి పద్నాలుగో రోజుతో నీకేం పని? నీ రోజు ఇరవై ఒకటో ఇరవై రెండో అయ్యుంటుంది" అంది. తర్వాత నాకు పాప పుట్టింది. పుట్టకపోయినా ఈ సంగతి మీకు చెప్పేదాన్నే. ఇరవై ఏళ్ళుగా నెలనెలా నా ఒంట్లో జరుగుతున్నదాన్ని నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు అన్నదే నన్ను ఇప్పటికీ బాధించే విషయం.

లెక్క ఏమిటి?

ముందు విషయం సూటిగా చెప్పుకుందాం. రక్తస్రావం మొదలైన రోజు ఒకటో రోజు. అక్కణ్ణుంచి మళ్ళీ నెలసరి వచ్చే ముందు రోజు వరకూ ఒక చక్రం. ఈ మధ్యలో ఒకసారి అండాశయం నుంచి అండం విడుదలవుతుంది. అండం విడుదలయ్యాక సుమారు 14 రోజులకి, అంటే 12 నుంచి 16 రోజుల మధ్య, నెలసరి వస్తుంది. ఈ రెండో భాగం పెద్దగా మారదు. మారేది మొదటి భాగమే. కాబట్టి లెక్క వెనక నుంచి వేయాలి. 28 రోజుల చక్రం ఉన్నామెకి దాదాపు 14వ రోజు, 35 రోజులామెకి 21వ రోజు, 24 రోజులామెకి 10వ రోజు. అందరికీ "14" అనేది 28 రోజుల చక్రాన్ని ఆడవాళ్ళందరికీ తగిలించినందువల్ల వచ్చిన అంకె.

అండం ఒక రోజుకి మించి బతకదు. వీర్యకణాలు స్త్రీ శరీరంలో అయిదు రోజుల దాకా బతకగలవు. అందువల్ల అండం విడుదలైన రోజూ, దానికి ముందు అయిదు రోజులూ, మొత్తం ఆరు రోజులు గర్భం వచ్చే రోజులు. అమెరికాలో విల్కాక్స్, ఆయన సహపరిశోధకులు 221 మంది స్త్రీల రోజువారీ మూత్ర పరీక్షల ఆధారంగా 1995లో ఈ సంగతి తేల్చారు. వాళ్ళే 2000లో ఇంకో సంగతి చెప్పారు. అప్పటి వైద్య మార్గదర్శకాలు 10 నుంచి 17వ రోజు వరకూ గర్భం వచ్చే కాలమని చెప్పేవి. ఈ ఆరు రోజులూ పూర్తిగా ఆ గీత లోపలే పడినవాళ్ళు నూటికి 30 మందే. మిగిలిన వాళ్ళకి ముందో వెనకో పడ్డాయి. నెలసరి సరిగ్గా వస్తుందనుకున్న వాళ్ళలో కూడా.

వెనక నుంచి లెక్కపెట్టాలంటే వచ్చే నెలసరి ఎప్పుడో ముందే తెలియాలి కదా అని మీరు అడగొచ్చు. సరైన ప్రశ్నే. అందుకే కనీసం ఆరు నెలలు తేదీలు రాసుకోవాలి. అందులో అతి పొట్టి చక్రం నుంచి 18 తీసేయాలి, అతి పొడుగు చక్రం నుంచి 11 తీసేయాలి. ఉదాహరణకి ఒకామెకి పొట్టిది 27, పొడుగుది 31 రోజులనుకోండి. 9వ రోజు నుంచి 20వ రోజు వరకూ జాగ్రత్త పడాలి. అంటే ఆరు రోజుల కోసం పన్నెండు రోజులు. జ్వరం వచ్చినా, తిండి తగ్గినా, దిగులు పట్టుకున్నా, వలస వెళ్ళినా లెక్క తప్పొచ్చు. కాన్పయిన తర్వాతా, ముట్లుడిగే వయసు దగ్గరపడుతున్నప్పుడూ ఇది అసలు పనికిరాదు. బాలింతకి ముట్టు రాకముందే అండం విడుదల కావచ్చు. "ఇంకా ముట్టే రాలేదు, నెల ఎలా తప్పింది?" అని మీ దగ్గరికొచ్చే వాళ్ళ కథ ఇదే.

శరీరం ఇచ్చే గుర్తులు ఇంకా ఉన్నాయి. ముట్టు ఆగాక కొన్నాళ్ళు పొడిగా ఉంటుంది. తర్వాత జిగురు కనిపిస్తుంది. అండం విడుదలయ్యే రోజులు దగ్గరపడేకొద్దీ అది పచ్చి గుడ్డులోని తెల్లసొనలా పల్చగా, జారుడుగా, వేళ్ళ మధ్య సాగేలా మారుతుంది. ఆ తర్వాత మళ్ళీ చిక్కబడుతుంది. పొద్దున్నే లేవగానే, మంచం దిగకముందే థర్మామీటరు పెట్టుకుంటే, అండం విడుదలయ్యాక ఒంటి వేడి 0.2 నుంచి 0.5 డిగ్రీల సెల్సియస్ పెరిగినట్టు తెలుస్తుంది. కానీ ఇది జరిగిపోయాక తెలిసే గుర్తు. రాబోయే దానిని చెప్పదు.

ఇదివరకు ఎవరు లెక్కపెట్టారు?

మన రోజులు లెక్కపెట్టాలన్న ఆసక్తి కొత్తదేమీ కాదు. మనుస్మృతి ఋతుకాలం పదహారు రాత్రులంది. మొదటి నాలుగు, పదకొండో రాత్రి, పదమూడో రాత్రి నిషిద్ధమంది. సరి రాత్రుల్లో కొడుకు, బేసి రాత్రుల్లో కూతురు పుడతారంది. "ముట్టు స్నానం చేసిన వెంటనే" అన్న చీటీల వెనక ఉన్నది ఈ లెక్కే. స్త్రీకి తెలియాలని వేసిన లెక్క కాదిది. వంశానికి కొడుకు కావాలని భర్తకి చెప్పిన లెక్క. ఇప్పటికీ "మగపిల్లాడు పుట్టాలంటే ఏ రోజుల్లో కలవాలి?" అని మిమ్మల్ని అడిగేవాళ్ళుంటారు. ఇందాక చెప్పిన 1995 పరిశోధన దీన్ని కూడా చూసింది. కలిసిన రోజుకీ, పుట్టే బిడ్డ ఆడో మగో అన్నదానికీ సంబంధమేమీ కనపడలేదు.

పందొమ్మిదో శతాబ్దపు యూరప్ డాక్టర్లు కూడా జంతువులతో పోల్చుకుని, ముట్టుకి దగ్గరగా ఉండే రోజులే గర్భం వచ్చే రోజులనుకున్నారు. ఆ రోజుల్ని తప్పించుకోమని సలహాలిచ్చారు. అంటే చాలామంది ఆడవాళ్ళని సరిగ్గా ప్రమాదం ఉన్న రోజుల్లోకే పంపారు. 1924లో జపాన్‌లో ఒగినో, 1928లో ఆస్ట్రియాలో క్నావ్స్ అనే డాక్టర్లు విడివిడిగా అసలు లెక్క కనిపెట్టారు. ఒగినో దీన్ని బిడ్డలు కావాలనుకునే వాళ్ళ కోసం ఉద్దేశించాడు. గర్భం రాకుండా ఉండడానికి దీన్ని నమ్ముకోవద్దనేవాడు. అయినా లోకం దాన్ని రెండో పనికే ఎక్కువ వాడుకుంది.

మన దేశంలో దీని కథ ఇంకా ఆసక్తికరమైనది. 1935 డిసెంబరులో మార్గరెట్ సాంగర్ వార్ధాలో గాంధీని కలిసి గర్భనిరోధక సాధనాల గురించి వాదించింది. గాంధీ ఒప్పుకోలేదు. స్త్రీలు తమ భర్తల్ని నిరాకరించడం నేర్చుకోవాలన్నాడు. నిరాకరించిన స్త్రీకి ఆ రాత్రి ఏమవుతుందనే ప్రశ్న అక్కడే మిగిలిపోయింది. స్వాతంత్ర్యం వచ్చాక ఆరోగ్య మంత్రి అయిన రాజకుమారి అమృత్ కౌర్ గాంధేయవాది. ఆమె కూడా సాధనాలకి వ్యతిరేకే. రోజుల లెక్క పద్ధతికైతే అభ్యంతరం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తరఫున అబ్రహాం స్టోన్ అనే అమెరికన్ డాక్టరు 1951లో వచ్చాడు. ఢిల్లీలోని లోడీ కాలనీలోనూ, అప్పటి మైసూరు రాష్ట్రంలోని రామనగరంలోనూ ఈ పద్ధతిని ప్రయోగించి చూశారు. చదువు రాని స్త్రీల కోసం రంగురంగుల పూసల దండలు తయారు చేసిచ్చారు. రోజుకో పూస జరపాలి. కొన్ని రంగులు జాగ్రత్తగా ఉండాల్సిన రోజులు, కొన్ని ఫరవాలేని రోజులు.

నేర్చుకుంటామని ముందుకొచ్చిన వాళ్ళు చాలామందే. చివరిదాకా పాటించిన వాళ్ళు బహు తక్కువ. దానికి కారణంగా ఇప్పటికీ చెప్పుకునే కథలు ఏమిటంటే, ఒకామె పూసలన్నీ ఒకేసారి మంచి వైపుకి తోసేసిందట, ఇంకొకామె దండ మెళ్ళో వేసుకుంటే చాలనుకుందట. ఈ కథలు చెప్పి నవ్వే డాక్టర్లని నేను చూశాను. "ఆడవాళ్ళకి లెక్క రాదు" అన్నది ఆ నవ్వు సారాంశం. నాకు ఆ కథలు వేరేగా అర్థమవుతాయి. పూసల్ని మంచి వైపుకి తోసింది ఆమే కానక్కర్లేదు. పూస ఏ రంగులో ఉందో భర్త చూడాలని దండ తయారుచేసిన వాళ్ళెవరూ అనుకోలేదు.

పూసలు తర్వాత మళ్ళీ వచ్చాయి. అమెరికాలోని జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయం వారు 26 నుంచి 32 రోజుల మధ్య నెలసరి వచ్చే వాళ్ళ కోసం 32 పూసల దండ తయారు చేశారు. 8వ రోజు నుంచి 19వ రోజు వరకూ జాగ్రత్త పడాలి. జార్ఖండ్‌లో దీన్ని "మాలాచక్ర" పేరుతో ప్రచారం చేశారు. 2002లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, పూర్తిగా పాటించిన వాళ్ళలో ఏడాదికి నూటికి 5 మందికి, మామూలుగా వాడిన వాళ్ళలో 12 మందికి గర్భం వచ్చింది. ఈ అంకెలు మీరు దాచకుండా చెప్పాలి. ఈ పద్ధతి సుఖరోగాల నుంచీ, హెచ్‌ఐవీ నుంచీ కాపాడదని కూడా చెప్పాలి.

వద్దు అనే హక్కు

2009లో మహబూబ్‌నగర్ జిల్లాలో ఒక పల్లెలో ఆడవాళ్ళతో కూర్చుని ఈ లెక్క వివరించాను. బోర్డు మీద గీతలు గీశాను. అందరూ విన్నారు. ఒకామె నవ్వి ఇట్లా అంది: "అక్కా, దినాలు లెక్కవెట్టుడు నాకొస్తది. కోడి పొదిగే దినాలు లెక్కవెడత, బర్రె ఈనే దినాలు లెక్కవెడత. గాని తాగొచ్చినోడు లెక్క ఇంటడా?"

నా దగ్గర జవాబు లేదు. రామనగరం ప్రయోగం ఎందుకు నిలవలేదో నాకు ఆరోజు అర్థమైంది. ఈ పద్ధతిలో మాత్ర లేదు, లూప్ లేదు, కత్తి లేదు. నెలకి పన్నెండు రోజులు "వద్దు" అనగలగడం ఒక్కటే దీనిలో ఉన్న సాధనం. ఆ సాధనం ఏ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనూ దొరకదు.

మన చట్టం ఆమెకి ఆ మాట ఇవ్వలేదు. పాత శిక్షాస్మృతి 375వ సెక్షన్ భార్య మీద భర్త చేసే బలాత్కారాన్ని అత్యాచారం నిర్వచనం నుంచి మినహాయించింది. 2022 మే నెలలో ఢిల్లీ హైకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు దీని మీద రెండు రకాలుగా తీర్పిచ్చారు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 63వ సెక్షన్‌లో కూడా, భార్యకి పద్దెనిమిదేళ్ళు నిండి ఉంటే ఆ మినహాయింపు అలాగే ఉంది. మనకి మిగిలినవి రెండు ఆధారాలు. 2005 గృహహింస చట్టం లైంగిక హింసని గృహహింసగా గుర్తించింది. 2022 సెప్టెంబరులో సుప్రీంకోర్టు, గర్భస్రావ చట్టం వరకూ భర్త చేసిన బలాత్కారాన్ని కూడా అత్యాచారంగానే చూడాలంది. ఇంకో సంగతి గుర్తుపెట్టుకోండి. గర్భం రాకుండా వాడుతున్న సాధనం గానీ పద్ధతి గానీ విఫలమైతే, 20 వారాల లోపు గర్భస్రావం చేయించుకోవడానికి చట్టం అవకాశమిస్తోంది. 2021 సవరణ తర్వాత పెళ్ళయిందా లేదా అన్న పట్టింపు కూడా ఇందులో లేదు. లెక్క తప్పిన స్త్రీ భయంతో మందుల షాపుకీ, నాటు మందులకీ పోకుండా, ఇది ఆమె హక్కని చెప్పాల్సింది మీరే.

ఆపరేషన్ అయిపోయాక ఏం లాభం?

ఇప్పుడు ఆ చీటీ దగ్గరికి వస్తాను. ఆ చీటీ రాసినామె ఒంటరిది కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళయి, బిడ్డల్ని కనే వయసులో ఉన్న స్త్రీలలో దాదాపు 70 శాతం మందికి, తెలంగాణలో 60 శాతానికి పైగా ఆపరేషన్ అయింది. మగవాళ్ళ ఆపరేషన్లు ఆంధ్రప్రదేశ్‌లో ఒక్క శాతం కూడా లేవు. ఇరవైలలోనే పెళ్ళి, ఇద్దరు పిల్లలు, ఆపరేషన్ అన్నీ అయిపోతాయి. అందువల్ల మనకి రోజుల లెక్క నేర్పే అవసరం ప్రభుత్వానికి కనపడలేదు. మనకి కూడా కనపడలేదు.

మెదక్ జిల్లాలో నేను కలిసిన ఒకామెకి ఇరవై ఏడేళ్ళు. గర్భసంచి తీసేశారు. ఎందుకని అడిగాను. "తెల్లబట్ట అయితుందని పోయినక్కా. సంచి కరాబైంది, ఉంచితే కేన్సరైతదన్నరు" అంది. ఎప్పుడెప్పుడయ్యేది, ఎట్లా ఉండేదని అడిగాను. నెలలో నాలుగైదు రోజులు, ముట్టయిన పది పన్నెండు రోజులకి, తెల్లసొన లాగా, దురద లేదు, వాసన లేదు. ఇదే గుర్తుని ఇందాక మీకు చెప్పాను! ఆమె చెప్పినదాన్ని బట్టి చూస్తే అది ఆరోగ్యంగా ఉన్న శరీరం నెలనెలా చేసే పని. దానికి ఆమె రెండెకరాలు కుదువబెట్టి ఆపరేషన్ చేయించుకుంది.

తెల్లబట్ట అంతా మామూలే అని నేననడం లేదు. దురద, దుర్వాసన, పసుపు పచ్చగానో ఆకుపచ్చగానో ఉండడం, పెరుగు విరిగినట్టు ఉండడం, పొత్తికడుపులో నొప్పి, కలిసిన తర్వాత రక్తం కనపడడం, వీటికి తప్పనిసరిగా పరీక్ష కావాలి. ఆ తేడా ఆమెకి తెలిసుంటే, "ఏ పరీక్షలో తేలింది? మందులతో తగ్గదా?" అని అడిగి ఉండేది. దేశంలో గర్భసంచి తీసే ఆపరేషన్లు ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో మన రెండు తెలుగు రాష్ట్రాలూ మొదటి వరసలో ఉన్నాయి. అనవసరంగా చేసే ఈ ఆపరేషన్లని అరికట్టే మార్గదర్శకాలు అమలు చేయమని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలని ఆదేశించింది. ఆదేశం కాగితం మీద ఉంది. డాక్టరు బల్ల ముందు కూర్చునేది మాత్రం ఆమె ఒక్కతే. అక్కడ ఆమెకి తోడుండేది ఈ జ్ఞానమే. కాబట్టి, చీటీ రాసిన సోదరీ, లాభం ఉంది. ఆపరేషన్ గర్భాన్ని ఆపుతుంది. ముట్లుడిగే దాకా నెలసరి వస్తూనే ఉంటుంది, అండం విడుదలవుతూనే ఉంటుంది.

ఒక్క మాట ఫోన్ల గురించి కూడా. మన పిల్లలు ఇప్పుడు యాప్‌లలో తేదీలు పెట్టుకుంటున్నారు. చాలా యాప్‌లు చేసేది పాత తేదీల్ని బట్టి సగటు తీయడమే. శరీరంలో ఆ నెల ఏం జరుగుతోందో వాటికి తెలియదు. పైగా మన తేదీలు ఎక్కడికి పోతున్నాయో చూసుకోవాలి. కోట్లమంది వాడే ఫ్లో అనే యాప్, వాడేవాళ్ళ వివరాల్ని ఫేస్‌బుక్, గూగుల్ లాంటి కంపెనీలకి చేరవేసిందని 2021లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించి, ఇకముందు అనుమతి లేకుండా ఇవ్వకూడదని ఒప్పందం చేయించింది. గోడ మీది క్యాలెండరు మీద పెట్టిన చుక్కని అమ్ముకునే వాళ్ళెవరూ లేరు.

మనం చేయగలిగింది

మీరు ఊళ్ళకి తిరిగి వెళ్ళాక చేయమని కోరేవి నాలుగు పనులు. సంఘంలో ప్రతి స్త్రీకీ, ఆపరేషన్ అయినామెకి కూడా, తేదీలు గుర్తుపెట్టుకునే అలవాటు చేయండి. చదువు రాకపోతే క్యాలెండరు మీద చుక్క చాలు. తెల్లబట్ట అని వచ్చినామెని మందుల దగ్గరికో ఆపరేషన్ దగ్గరికో పంపే ముందు ఎప్పుడు, ఎట్లా అని అడగండి. పిల్లలు లేరని వచ్చినామెని ఆమె నెలసరి ఎన్ని రోజులకో అడగండి, భర్తని కూడా పరీక్షకి తీసుకురమ్మనండి. పిల్లలు లేని జంటల్లో దాదాపు సగం మందిలో మగవాళ్ళ వైపు కారణం కూడా ఉంటుంది. అయినా గొడ్రాలనే మాటకి మగవాళ్ళ వైపు జోడీ మాట వాడుకలో లేదు. నాలుగోది కష్టమైనది. ఈ లెక్కని మగవాళ్ళకి కూడా చెప్పండి. వాళ్ళకి చెప్పకుండా ఆమెకి మాత్రమే నేర్పితే, ఇంకో భారం ఆమె నెత్తిన పెట్టినట్టవుతుంది.

మహబూబ్‌నగర్ అక్క వేసిన ప్రశ్న నా దగ్గర ఇంకా అలాగే ఉంది. తాగొచ్చినవాడు లెక్క వినడు. అతను వినేలా చేయడం ఏ ఒక్క స్త్రీ వల్లా అయ్యే పని కాదు. అది సంఘం పని, చట్టం పని. ఆ పోరాటం చేస్తూనే, లెక్క మాత్రం ముందు మన చేతిలోకి తెచ్చుకుందాం. మధ్యాహ్నం మళ్ళీ చీటీలిస్తాను. ఈసారి ప్రశ్న ఒకటే: "నీకు ఎన్ని రోజులకొస్తుంది?"

సెలవు.